హంతకుడు దొరికినా ముగియని కేసు

‘లా పొలిత్సీయా కియేదె ఆయూతో’ 1974లో ఇటలీలో వచ్చిన క్రైమ్ థ్రిల్లర్. పేరుకి ‘పోలీసులు సాయం అడుగుతున్నారు’ అని అర్థం. ఇంగ్లీషులో ‘వాట్ హావ్ దే డన్ టు యువర్ డాటర్స్?’ అన్న పేరుతో తిరిగింది. దర్శకుడు మాస్సిమో దల్లమానో. పాత ఇటాలియన్ సినిమాలు ఇష్టపడేవాళ్లు దీని గురించి మాట్లాడుకుంటే ముందు వచ్చే పేచీ ఒక్కటే: ఇది అసలు ఏ రకం సినిమా? కొందరు జాల్లో అంటారు, అంటే ముసుగు హంతకుడు, వరుస హత్యలతో నడిచే ఇటాలియన్ థ్రిల్లర్. కొందరు అచ్చమైన పోలీసు సినిమా అంటారు. వ్యవస్థ మీద కోపంతో తీసిన సామాజిక చిత్రమని మరికొందరి మాట. అందరికీ కావలసిన ఆధారాలు సినిమాలోనే దొరుకుతాయి కాబట్టి ఆ వాదన ఎప్పటికీ తేలదు.

నాకు తోచినది ఇది. దల్లమానో ఒక జానర్‌తో కథ మొదలుపెట్టి, ఆ జానర్ జవాబు చెప్పలేని చోటికి వచ్చేసరికి కథను ఇంకో జానర్ చేతికి అప్పగిస్తాడు. ‘ఎవరు చంపారు?’ అని మొదలైన సినిమా ‘చంపించినవాళ్లను ఎవరు కాపాడుతున్నారు?’ దగ్గరికి చేరుతుంది. ఈ మలుపు ఎలా జరిగిందో అర్థం కావాలంటే ఆ జానర్లు ఎక్కడి నుంచి వచ్చాయో, 1974 నాటి ఇటలీ ఎలా ఉండేదో కొంచెం తెలియాలి. కథలో ఒక పెద్ద మలుపు కూడా బయటపెట్టక తప్పదు. సినిమా చూడాలనుకునేవాళ్లు ముందు చూసి వచ్చి చదివితే మంచిది. హంతకుడి పేరు మాత్రం చెప్పను. దాని అవసరం కూడా పెద్దగా లేదు, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

కథ బ్రెష్షా అనే ఊళ్లో జరుగుతుంది. పోలీసులు ఒక అటక గది తలుపు బద్దలు కొడితే లోపల స్కూలు వయసు అమ్మాయి ఉరికి వేలాడుతూ కనిపిస్తుంది. పేరు సిల్వియా పొల్వేసి, మంచి కుటుంబం. చూడగానే ఆత్మహత్య అనుకుంటారు. పోస్ట్‌మార్టంలో ఆ లెక్క తప్పుతుంది. వేరేచోట చంపి, శవాన్ని తెచ్చి ఇక్కడ వేలాడదీశారని తేలుతుంది. తల్లి అంతకుముందే కూతురి మీద కన్నేసి ఉంచమని ఒక ప్రైవేట్ డిటెక్టివ్‌ని పెట్టుకుంది. అతని శవం ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. కేసు తవ్వేకొద్దీ స్కూలు పిల్లలను వ్యభిచారంలోకి దించే ఒక ముఠా బయటపడుతుంది. ఆ ముఠా దగ్గరికి వచ్చేవాళ్లంతా డబ్బు, హోదా ఉన్నవాళ్లు. ఇంకోపక్క నల్ల తోలు దుస్తులు, ముఖం కనపడని హెల్మెట్ వేసుకుని మోటార్‌సైకిల్ మీద తిరిగే ఒకడు, నోరు విప్పేలా ఉన్న ప్రతి సాక్షినీ మాంసం కొట్టే కత్తితో నరుకుతుంటాడు.

కేసు చూసేవాళ్లు ముగ్గురు. ఇన్‌స్పెక్టర్ సిల్వెస్త్రిగా క్లౌదియో కస్సినెల్లి, ఇన్‌స్పెక్టర్ వాలెంతీనిగా మారియో ఆడోర్ఫ్, ప్రాసిక్యూటర్ వీత్తోరియా స్తోరిగా జొవాన్నా రల్లి. సిల్వియా తండ్రిగా వేసినది హిచ్‌కాక్ సినిమాలతో పేరు తెచ్చుకున్న అమెరికన్ నటుడు ఫార్లీ గ్రేంజర్.

పసుపు అట్టల నుంచి నల్ల చేతి తొడుగుల దాకా

మిలాన్‌కి చెందిన మొందదోరి ప్రచురణ సంస్థ 1929లో పసుపు అట్టలతో డిటెక్టివ్ నవలల సిరీస్ మొదలుపెట్టింది. ఇటాలియన్‌లో పసుపు రంగును జాల్లో అంటారు. అక్కడి నుంచి ఆ దేశంలో ఏ క్రైమ్ కథకైనా జాల్లో అనే పేరు స్థిరపడిపోయింది. బయటి దేశాల అభిమానులు మాత్రం ఆ పేరును 1960, 70లలో వచ్చిన ఒక ప్రత్యేకమైన సినిమాల తరహాకే వాడతారు. దానికి పునాది వేసినవాడు మారియో బావా. 1964లో ఆయన తీసిన ‘సెయి దొన్నె పెర్ లస్సస్సీనో’లో ముఖం దాచుకున్న హంతకుడు, నల్ల చేతి తొడుగులు, వరుసగా చనిపోయే అందమైన ఆడవాళ్లు, కంటిని కట్టిపడేసే రంగులు అన్నీ ఉన్నాయి. 1970లో దారియో అర్జెంతో తన మొదటి సినిమాతో దాన్ని బాక్సాఫీసు దగ్గర పెద్ద ఫార్ములాగా మార్చేశాడు.

ఆ ఫార్ములాలో కొన్ని నియమాలు ఉంటాయి. కేసు ఛేదించేది సాధారణంగా పోలీసు కాదు. అనుకోకుండా హత్యను చూసిన ఒక రచయితో, సంగీతకారుడో, విదేశీయుడో అయి ఉంటాడు. తను చూసినదాంట్లో ఒక ముక్క అతనికి సరిగా గుర్తుండదు. అది గుర్తొచ్చేదాకా కథ నడుస్తుంది. హంతకుడి కారణం ఎప్పుడూ సొంత గాయమే: చిన్నప్పటి ఏదో సంఘటన, ఏదో పిచ్చి, పగ. నేరం ఒక మనిషి మనసులో పుట్టి ఆ మనిషితోనే ముగిసిపోతుంది. ముసుగు తీయగానే ప్రపంచం మళ్లీ మామూలైపోతుంది.

దల్లమానో కూడా 1972లో ఈ పద్ధతిలో ఒక మంచి సినిమా తీశాడు. దాని పేరు ‘కోజా అవేతె ఫాత్తో ఆ సొలాంజ్?’, అంటే ‘సొలాంజ్‌ని ఏం చేశారు?’. లండన్‌లో ఒక క్యాథలిక్ బాలికల స్కూలు, వరుస హత్యలు, అనుమానం మీద పడిన ఒక టీచర్. సంగీతం ఎన్నియో మొర్రికోనె. పశ్చిమ జర్మనీతో కలిసి తీసిన సినిమా కాబట్టి అక్కడ దాన్ని ఇంగ్లీషు క్రైమ్ రచయిత ఎడ్గర్ వాలెస్ నవలల సినిమా సిరీస్‌లో భాగంగా అమ్ముకున్నారు. అందులో అసలు నేరం చాలా దారుణమైనదే. అయినా అది ఒక చిన్న స్నేహ బృందంలో దాగిన రహస్యం. ఊరికీ, ప్రభుత్వానికీ దాంతో పని లేదు. రెండేళ్ల తర్వాత అదే దర్శకుడు, మళ్లీ స్కూలు పిల్లల హత్యలే కథగా తీసుకున్నాడు. కానీ ఈసారి లండన్ వదిలి సొంత దేశానికి వచ్చాడు. ఆ రెండేళ్లలో ఇటలీలో ఇంకో రకం సినిమా పుట్టింది.

పోలీసు సినిమాలు ఎందుకొచ్చాయి

1969 డిసెంబర్ 12న మిలాన్‌లోని పియాత్సా ఫొంతానా దగ్గర ఒక బ్యాంకులో బాంబు పేలి 17 మంది చనిపోయారు. పోలీసులు మొదట అరాచకవాదుల మీద పడ్డారు. విచారణలో ఉన్న జుసెప్పె పినెల్లి అనే రైల్వే కార్మికుడు మూడు రోజుల తర్వాత పోలీసు కార్యాలయం నాలుగో అంతస్తు కిటికీలోంచి పడి చనిపోయాడు. ఆ విచారణతో ముడిపడిన పోలీసు అధికారి లుయీజీ కలబ్రేసిని 1972 మే 17న అతని ఇంటి ముందే కాల్చి చంపారు. బాంబు కేసు విచారణను మిలాన్ నుంచి తీసేసి దేశానికి ఆ కొసన, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కతాన్‌జారోకి మార్చారు. ఈ హింసంతా కలిపి ఆ కాలానికి ‘సీసపు ఏళ్లు’ అనే పేరు తెచ్చింది. కిడ్నాపులు, బ్యాంకు దోపిడీలు, వీధుల్లో కాల్పులు, కుడి ఎడమ పక్షాల తీవ్రవాదం అన్నీ ఒకేసారి సాగాయి. ప్రభుత్వంలోని కొందరికే ఇందులో చేతులున్నాయన్న అనుమానం జనంలో బాగా నాటుకుంది.

పొలిత్సియొత్తేస్కో అని పిలిచే పోలీసు సినిమా ఆ టెన్షన్ లోంచి వచ్చింది. 1972లో దర్శకుడు స్తేనో తీసిన ‘లా పొలిత్సీయా రింగ్రాత్సియా’ దీనికి దారి చూపింది. కామెడీలు తీసే మనిషి ఇంత చేదు సినిమా తీశాడంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. నేరస్తులను రహస్యంగా చంపుతున్న ముఠా వెనక మాజీ పోలీసులే ఉన్నారని ఒక అధికారి కనిపెడతాడు. చివరికి అతన్నే చంపేస్తారు. అక్కడి నుంచి పేరు ముందు ‘పోలీసు’ అన్న మాట తగిలించిన సినిమాలు వరదలా వచ్చాయి. అప్పట్లో అయిదున్నర కోట్ల జనాభా ఉన్న ఇటలీలో ఏడాదికి 50 కోట్లకు పైగా సినిమా టికెట్లు తెగేవి. పెద్ద నగరాల్లో ఆడాక అదే ప్రింటు చిన్న ఊళ్ల థియేటర్లకు, తర్వాత పేటల్లోని చవక హాళ్లకు దిగేది. ఒక తరహా ఆడితే నిర్మాతలు దాన్నే పట్టుకుని నెలల వ్యవధిలో పదేసి తీసేవారు. రెండు తరహాలు ఆడుతుంటే రెండిటినీ ఒకే సినిమాలో పెట్టడం సహజం. కాబట్టి మన సినిమా పేరులో పోలీసు ఉండటానికి, కథలో ముసుగు హంతకుడు ఉండటానికి వ్యాపారమే మొదటి కారణం. ఆ మాట దాచడం ఎందుకు? కానీ వ్యాపారం కోసం కలిపిన రెండు ముక్కలు ఇంత గట్టిగా అతుక్కోవడం వెనక దల్లమానో ఆలోచన ఉంది.

అతుకు ఎక్కడ పడింది

హంతకుడిని చూడండి. జాల్లో హంతకుడి లక్షణాలు అన్నీ ఉన్నాయి: నల్లటి తోలు, కనిపించని ముఖం, పదునైన ఆయుధం, ఎక్కడి నుంచి ఊడిపడతాడో తెలియని భయం. ప్రాసిక్యూటర్ స్తోరి తన అపార్ట్‌మెంట్ కింది పార్కింగ్‌లో వాడికి చిక్కే సీన్ ఏ జాల్లోకీ తీసిపోదు. నీడలు, అడుగుల చప్పుడు, దాక్కోవడానికి చోటు లేని కాంక్రీటు స్తంభాలు. ఇంకోచోట అదే హంతకుడు రోడ్డెక్కుతాడు. మోటార్‌సైకిల్, దాని వెనక సైరన్ మోగిస్తూ పోలీసు కార్లు. ఈ ఛేజ్ పోలీసు సినిమా సొత్తు. ఒకే మనిషి రెండు జానర్ల మధ్య బండి నడుపుకుంటూ వెళ్లిపోతాడు. హెల్మెట్ ఇక్కడ చాలా తెలివైన ఆలోచన. జాల్లోలో ముసుగు అంటే ఎంతో కొంత నాటకీయంగా ఉంటుంది, నిజజీవితంలో ఎవరూ అలా తిరగరు. హెల్మెట్ పెట్టుకున్నవాడు మాత్రం ఏ ట్రాఫిక్ సిగ్నల్ దగ్గరైనా పక్కనే ఆగి ఉండవచ్చు.

ఇంతకన్నా పెద్ద మార్పు వాడి కారణంలో ఉంది. వీడికి చిన్నప్పటి గాయాలు, పగలు ఏమీ లేవు. వీడు పనివాడు. ముఠాకి ఎవరు అడ్డమైతే వాళ్లను తీసేయడమే వాడి ఉద్యోగం. అందుకే వాడి పేరు చెప్పినా చెప్పకపోయినా పెద్ద తేడా లేదన్నాను. జాల్లోలో ముసుగు తీయడమే ముగింపు. ఇక్కడ ముసుగు తీశాక చూస్తే, వెనక ఉన్నవాళ్ల జాబితా అప్పుడే మొదలవుతుంది. ‘ఎవరు చంపారు’ అన్న ప్రశ్నకు జవాబు దొరికాక కూడా కడుపులో ఏదో తెలియని అసంతృప్తి మిగిలిపోతుంది. ఆ అసంతృప్తిని దర్శకుడు కావాలనే మనకు మిగిల్చాడని నా నమ్మకం.

ఆధారాల విషయంలోనూ ఇలాగే జరుగుతుంది. జాల్లో కళ్లతో నడిచే జానర్. చూసినది, చూశాననుకున్నది, సరిగా చూడనిది. ఈ సినిమా కూడా ముందు అలాగే వెళ్తుంది. దూరం నుంచి టెలిఫొటో లెన్స్‌తో ఫొటోలు తీసిన మనిషి ఒకడుంటాడు, వాడి మీద అనుమానం పడుతుంది. తర్వాత మెల్లగా కంటి నుంచి చెవికి మారుతుంది. పోలీసుల చేతికి టేపులు చిక్కుతాయి. ముఠా దగ్గరికి వచ్చిన పెద్దమనుషులు ఆ పిల్లలతో మాట్లాడిన మాటలు వాటిలో రికార్డయి ఉన్నాయి. ఆఫీసు గదిలో టేపు తిరుగుతుంటుంది, అధికారులు కూర్చుని వింటుంటారు. తెర మీద జరిగేది అంతే. నేరం మనకు కనపడదు, వినపడుతుంది. సినిమాలో నెత్తురు చాలాచోట్ల ఉంది. ముక్కలైన శవాన్ని మార్చురీ బల్ల మీద పేర్చే సీన్ కూడా ఉంది. వాటన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ టేపు సీన్. ఒక పెద్దాయన గొంతు ఎంత మర్యాదగా ఉంటుందో విన్నాక, ఊళ్లో గౌరవంగా తిరిగే ఏ మనిషి గొంతునూ నమ్మబుద్ధి కాదు.

ఇక్కడే మూడో జానర్ ప్రవేశిస్తుంది, అది కుటుంబ కథ. ఇన్‌స్పెక్టర్ వాలెంతీని అప్పటిదాకా కేసును ఉద్యోగంగానే చూస్తాడు. ఆ ముఠా వలలో పడిన పిల్లల్లో తన కూతురు కూడా ఉందని అతనికి తెలుస్తుంది. ఆడోర్ఫ్ గట్టి శరీరం, గట్టి గొంతు ఉన్న నటుడు, ఎక్కువగా విలన్ వేషాలు వేసినవాడు. ఆ మనిషి ముఖం ఒక్కసారిగా కుప్పకూలడం చూస్తే పోలీసు సినిమా అన్న సంగతే మరిచిపోతాం. సినిమా మొదట్లో సిల్వియా తల్లిదండ్రులను చూసి మనం మనసులో ఒక తీర్పు ఇచ్చేసి ఉంటాం: కూతురు ఏం చేస్తోందో తెలియని తల్లిదండ్రులు, అడగలేక డిటెక్టివ్‌ని పెట్టుకున్న తల్లి. ఆ తీర్పు ఇప్పుడు చట్టం తరఫు మనిషి మీదకే తిరుగుతుంది. ఊరంతా కాపలా కాసే అధికారికి ఇంట్లో పిల్ల సంగతి తెలియలేదు.

ఇది 1974 ఇటలీలో ఎంత సూటిగా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ ఏడాది మే నెలలోనే విడాకుల చట్టం ఉండాలా వద్దా అని దేశమంతా ఓటు వేసింది. ఉండాలని 59 శాతం మంది చెప్పారు. చర్చి, దానితో నడిచే క్రిస్టియన్ డెమోక్రాట్ పార్టీ ఓడిపోయాయి. పిల్లల మీద ప్రధాన అధికారం తండ్రిదే అన్న పాత కుటుంబ చట్టం 1975 దాకా మారలేదు. మైనారిటీ తీరే వయసు కూడా అప్పటిదాకా 21 ఏళ్లే. కుటుంబం అనే వ్యవస్థ పైకి గట్టిగానే కనబడుతూ లోపల బీటలు వారుతున్న సమయం అది.

ప్రాసిక్యూటర్ స్తోరి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్ అంటే పోలీసులు ఛార్జిషీటు వేశాక కోర్టులో వాదించే మనిషి. ఇటలీలో అలా కాదు. ప్రాసిక్యూటర్ కూడా జడ్జీల మాదిరే న్యాయశాఖలో భాగం. దర్యాప్తును నడిపించేది కూడా ఆ అధికారే, పోలీసులు ఆమె చెప్పినట్టు పనిచేయాలి. అలాంటి పదవిలోకి ఆడవాళ్లను 1963లో చట్టం మారేదాకా రానివ్వలేదు. మొదటి ఎనిమిది మంది మహిళలు 1965లో ఉద్యోగంలో చేరారు. అంటే తొమ్మిదేళ్లు తిరిగేసరికి ఒక కమర్షియల్ థ్రిల్లర్‌లో హీరోయిన్ ఆ కుర్చీలో కూర్చుంది. జాల్లోలో ఆడవాళ్లకు ఉండే వేషం తెలిసిందే: చనిపోవడం, లేదా హీరో వచ్చేదాకా కేకలు పెట్టడం. రల్లి వేసిన స్తోరి ప్రశ్నలు అడుగుతుంది, ఆదేశాలు ఇస్తుంది, శవం ముందు తల తిప్పుకోదు. ఆమెకూ సిల్వెస్త్రికీ మధ్య ప్రేమకథ పెట్టలేదు. ఆ కాలానికి ఇది చిన్న విషయం కాదు.

ఆ ఊరు, ఆ ఏడాది

పోలీసు సినిమాలు సాధారణంగా రోమ్, మిలాన్, నేపుల్స్, జెనోవా లాంటి పెద్ద నగరాల్లో జరుగుతాయి. దల్లమానో బ్రెష్షాని ఎంచుకున్నాడు. ఉత్తర ఇటలీలో లొంబార్డీ ప్రాంతంలో, ఉక్కు పరిశ్రమలు, పనిమంతులు, భక్తి అన్నీ దండిగా ఉన్న ఊరు. అప్పటి పోప్ ఆరో పాల్ పుట్టింది ఆ పక్కనే ఉన్న కొంచేజియోలో. ప్రపంచానికి తుపాకులు అమ్మే బెరెట్టా కంపెనీ ఉన్నది కూడా ఆ జిల్లాలోనే. బయటినుంచి చూస్తే పద్ధతైన, సంపన్నమైన ఊరు. ఇలాంటి ముఠా ఉందంటే ఎవరూ నమ్మని ఊరు కాబట్టే కథకు సరిపోయింది.

సినిమా విడుదలైన ఏడాదే, మే 28న, ఆ ఊరి నడిబొడ్డున పియాత్సా దెల్లా లోజ్జాలో కార్మిక సంఘాలు ఫాసిస్టు వ్యతిరేక సభ జరుపుతుండగా ఉదయం 10 గంటల 12 నిమిషాలకు చెత్తకుండీలో పెట్టిన బాంబు పేలింది. ఎనిమిది మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. రెండు గంటలు కూడా గడవకముందే ఫైరింజన్లతో ఆ చోటును నీళ్లు కొట్టి కడిగేశారు, ఆధారాలతో సహా. కేసు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 2017లో గానీ ముగియలేదు. 43 ఏళ్ల తర్వాత ఇద్దరికి యావజ్జీవ శిక్ష ఖాయమైంది. ఒకడు నియో ఫాసిస్టు సంస్థ నాయకుడు కార్లో మారియా మాజ్జీ. రెండోవాడు మౌరీత్సియో త్రమోంతె, ప్రభుత్వ గూఢచారి సంస్థకు సమాచారం ఇచ్చే మనిషి.

సినిమా కథలో ఆ పేలుడు లేదు. ఆ కథకూ బాంబుకూ ముడిపెట్టడం కూడా సరికాదు. కానీ ఆ ఏడాది థియేటర్‌లో కూర్చుని తెర మీద బ్రెష్షాని చూసిన ఇటాలియన్‌కి ఆ పేరు వినగానే ఏం గుర్తొచ్చి ఉంటుందో చెప్పనక్కర్లేదు. ‘పోలీసులు సాయం అడుగుతున్నారు’ అన్న పేరు ఆ ప్రేక్షకుడికి వేరే బరువుతో వినిపించి ఉంటుంది.

ఇంకో పాత కేసు కూడా వాళ్ల మనసులో ఉండి ఉంటుంది. 1953 ఏప్రిల్‌లో రోమ్ దగ్గర తోర్వాయానికా సముద్రతీరంలో విల్మా మొంతేసి అనే 21 ఏళ్ల అమ్మాయి శవమై దొరికింది. కాళ్లు తడుపుకోవడానికి నీళ్లలోకి దిగి ప్రమాదవశాత్తు మునిగిపోయిందని పోలీసులు కేసు మూసేశారు. తర్వాత పత్రికలు తవ్వితే పెద్దల విలాసాలు, మత్తుమందులు, పైస్థాయి ఒత్తిడి అంటూ ఆరోపణలు గుప్పుమన్నాయి. తన కొడుకు పేరు బయటికి రావడంతో విదేశాంగ మంత్రి రాజీనామా చేశాడు. ఆ కొడుకును 1957లో కోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. ఆ అమ్మాయి ఎలా చనిపోయిందో ఈనాటికీ తేలలేదు. ఒక అమ్మాయి మరణం, తొందరపడి వేసిన ముద్ర, దాని వెనక పెద్దల పేర్లు: ఇటాలియన్ ప్రేక్షకుడికి ఈ వరుస కొత్తది కాదు. సిల్వియాది ఆత్మహత్య అని మొదటి సీన్‌లో ఎవరో అనగానే సగం హాలు నమ్మి ఉండదు.

అందుకే ముగింపు ఆ జనానికి పరిచితంగా అనిపించి ఉంటుంది. హంతకుడు దొరుకుతాడు. టేపుల్లోని గొంతుల దాకా చట్టం చేరదు, పైనుంచి అడ్డుగోడ పడుతుంది. నాలుగేళ్ల ముందే ఏలియో పేత్రి, ఫ్రాంచెస్కో రోసి లాంటి దర్శకులు వ్యవస్థను సూటిగా నిలదీసే సినిమాలు తీసి పెద్ద పేరు తెచ్చుకున్నారు. పేత్రి సినిమాకు ఆస్కార్ కూడా వచ్చింది. అవి చదువుకున్నవాళ్లు, విమర్శకులు మెచ్చుకున్న సినిమాలు. దల్లమానో అదే కోపాన్ని, వారాంతంలో కత్తిపోట్ల సినిమా కోసం టికెట్ కొనుక్కున్న మనిషి దగ్గరికి తీసుకెళ్లాడు. జానర్ల కలయిక వల్ల జరిగిన గొప్ప మేలు ఇదేనంటాను. ఏ ఒక్క జానర్‌తోనూ ఆ పని అయ్యేది కాదు. జాల్లో భయపెట్టగలదు గానీ వ్యవస్థ జోలికి పోదు. పోలీసు సినిమా వ్యవస్థను తిడుతుంది గానీ బాధితురాలి ఇంట్లోకి తొంగి చూడదు. కుటుంబ కథ ఏడిపించగలదు, హాలు నింపలేదు.

సినిమాలో ఒక లోపం ఉంది. దాన్ని కప్పిపుచ్చలేను. చిన్నపిల్లల శరీరాలతో వ్యాపారం చేసేవాళ్లను తిడుతూనే, మొదటి సీన్‌లో ఆ అమ్మాయి శవాన్ని అవసరానికి మించి చూపిస్తుంది. పోస్టర్ల మీద అమ్మింది కూడా దాన్నే. ‘అప్పటి కాలం అలాంటిది’ అని కొందరు అభిమానులు తేలిగ్గా తీసేస్తారు. నాకు ఆ సమాధానం సరిపోదు. టేపు సీన్‌లో ఏమీ చూపించకుండా ఎంత చెప్పవచ్చో నిరూపించిన దర్శకుడికి, మొదటి సీన్‌లోనూ ఆ నిగ్రహం చేతనవును. నిర్మాతల లెక్కలు అడ్డం వచ్చి ఉండవచ్చు. ఏదేమైనా చూసేవాళ్లకు ఆ ఇబ్బంది కలగడం న్యాయమే.

కెమెరా వెనక నుంచి వచ్చిన దర్శకుడు

దల్లమానోకి ఈ నేర్పు ఎక్కడిదంటే, ఆయన దర్శకుడు కాకముందు పేరున్న సినిమాటోగ్రాఫర్. సెర్జియో లియోనె తీసిన ‘డాలర్’ కౌబాయ్ సినిమాల్లో (వెస్టర్న్‌లలో) మొదటి రెండిటికి, 1964, 1965ల్లో, కెమెరా పట్టింది ఆయనే. ఆ ఎండలో మెరిసే ముఖాల క్లోజప్‌లు, ఆ వెడల్పాటి ఖాళీ మైదానాలు ఆయన కన్నే. ఇటాలియన్ వెస్టర్న్‌లు లేకపోతే 1971లో కృష్ణ గారి ‘మోసగాళ్లకు మోసగాడు’ ఉండేది కాదు కాబట్టి, మన కౌబాయ్ సినిమాల వంశవృక్షంలో దల్లమానోకి కూడా ఒక కొమ్మ దక్కుతుంది.

ఆ కన్ను ఈ సినిమాలోనూ పనిచేసింది, కానీ తీరు మారింది. కెమెరామన్ ఫ్రాంకో దెల్లీ కోల్లి చాలాచోట్ల కెమెరాను చేత్తో పట్టుకుని పరుగెడతాడు. రంగులు పోలీసు స్టేషన్ గోడల్లా పాలిపోయి ఉంటాయి, హంతకుడు వచ్చినప్పుడు మాత్రం వెలుగునీడలు జాల్లోలోకి జారుకుంటాయి. స్తెల్వియో చిప్రియాని సంగీతం కూడా ఇలాగే రెండుగా చీలుతుంది. ఒకవైపు ఛేజ్‌ల కోసం బాస్, డ్రమ్స్ దడదడ. ఇంకోవైపు మాటల్లేని పసి గొంతుల కోరస్. ఆ కోరస్ చాలా తియ్యగా ఉంటుంది. సినిమా ఎవరి గురించో మనం మరిచిపోబోయిన ప్రతిసారీ అది వచ్చి గుర్తుచేస్తుంది.

దీని తర్వాత దల్లమానోకి ఎక్కువ కాలం మిగల్లేదు. 1976లో ఒక గట్టి పోలీసు సినిమా తీశాడు, అదే ఏడాది రోడ్డు ప్రమాదంలో పోయాడు. సిల్వెస్త్రిగా వేసిన కస్సినెల్లి కూడా 1985లో అమెరికాలోని అరిజోనాలో షూటింగ్ జరుగుతుండగా హెలికాప్టర్ కూలి చనిపోయాడు. స్కూలు పిల్లల కథల్లో మూడోదిగా దల్లమానో ఒక స్క్రిప్టులో పాలుపంచుకున్నాడు. దాన్ని 1978లో అల్బెర్తో నెగ్రీన్ ‘ఎనిగ్మా రోస్సో’ పేరుతో తీశాడు. ‘సొలాంజ్’లో టీచర్‌గా చేసిన ఫాబియో తెస్తి ఇందులో ఇన్‌స్పెక్టర్.

మూడూ వరుసగా చూడమనే చెబుతాను, వీలైతే ఇటాలియన్ ఆడియోతో. ఆ రోజుల్లో మాటలన్నీ షూటింగ్ తర్వాతే పలికించేవారు కాబట్టి ఏ భాషలో చూసినా పెదవులు పూర్తిగా కలవవు. అయినా ఇంగ్లీషు డబ్బింగ్‌లో టేపు సీన్ బరువు బాగా తగ్గిపోతుంది. మూడోది చూశాక రెండోదాని విలువ తెలుస్తుంది. ‘ఎనిగ్మా రోస్సో’లో బాలికల స్కూలు, పోలీసు అధికారి, పెద్దల ముఠా, దాగిన హంతకుడు అన్నీ ఉన్నాయి. జానర్లు పక్కపక్కన కూర్చున్నాయి గానీ ఒకదాని చేతిలోంచి ఇంకోదాని చేతికి కథ మారదు. ఆ ఇన్‌స్పెక్టర్ ఒంటరిగా తిరిగే హీరో. అతని ఇల్లు ఈ కేసులో చిక్కుకోదు, అతన్ని ఆపగలిగిన పై అధికారి ఎవరూ మనకు గుర్తుండిపోరు. నేరం మళ్లీ ఒక చిన్న గుంపు రహస్యంగా కుంచించుకుపోతుంది.